అతివిశాల కటకము

ఆరు మీటర్ల పొడవుగల గోడను ఈ కొననుండి ఆ కొనవరకు ఒకే ఛాయాచిత్రమున చూపదలచినవాడు గోడకు ఎంత దూరమున నిలువవలెను? ఇది కెమెరాకు అమర్చిన కటకమును బట్టి యుండును. 35 మి.మీ. ఫిల్ముపై పడు ఒక్కొక్క చిత్రము 36 మి.మీ. వెడల్పును, 24 మి.మీ. ఎత్తును కలిగియుండును. సాధారణముగా వాడు కటకము యొక్క నాభ్యంతరము 50 మి.మీ. దానితో ఆ గోడయంతయు పట్టవలెనన్న 8 మీటర్లకు పైగా వెనుకకు జరుగవలెను. గది అంత పెద్దది కానిచో వెనుకనున్న గోడ వీపునకు తగులును. 20 మి.మీ. కటకమైనచో 3 మీటర్ల 30 సెంటీమీటర్ల దూరము చాలును.

నాభ్యంతరము తగ్గినకొలది కటకము చూచు మేర పెరుగును. చిత్రము యొక్క మూలనుండి మూలకు కొలిచినచో 50 మి.మీ. కటకము 46 డిగ్రీలు, 20 మి.మీ. కటకము 94 డిగ్రీలు, 15 మి.మీ. కటకము 110 డిగ్రీలు చూడగలదు. ఇంచుమించు 21 మి.మీ. మొదలు క్రిందివానిని అతివిశాల కటకములందురు. సంఖ్య ఎంత చిన్నదైన అంత మేలని తలచి కొనువారు కలరు. కాని విశాలమైన చూపు ఊరక లభించునది కాదు.

మొదటి మూల్యము వెలుతురు. కటకమునకు ఏటవాలుగా వచ్చు కిరణములు ఫిల్మును చేరునప్పటికి పలుచబడును. నడిమి గీతకు 45 డిగ్రీల ఏటవాలున వచ్చు వెలుతురు, నడుమ పడు వెలుతురులో నాలుగవ వంతు మాత్రమే యుండును. అందుచేత చిత్రము నడుమ తెల్లగను, మూలలు నల్లగను ఏర్పడును. 1900 ప్రాంతమున జర్మనీలోని గోయెర్జ్ సంస్థ హైపర్గాన్ అను కటకమును వెలువరించెను. చిన్న గిన్నెలవంటి రెండు గాజుబిళ్లలే దాని సర్వస్వము. అది 130 డిగ్రీలకు మించి చూచెడిది. అంత ఏటవాలున మూలలకు చేరు వెలుతురు ముప్పదియవ వంతు మాత్రమే. దీనికి వారు పన్నిన ఉపాయము వినోదకరమైనది. కటకమునకు ముందు నక్షత్రాకారముగల చిన్న రేకును అమర్చిరి. ఛాయాగ్రాహకుడు రబ్బరు బుడ్డిని నొక్కగా వెలువడు గాలికి ఆ రేకు గిరగిర తిరిగి నడిమి వెలుతురును కొంతసేపు అడ్డుచుండెడిది. పిదప దానిని ప్రక్కకు తొలగించి తక్కిన కాలము వెలుతురు పడనిచ్చెడివారు. కదలక నిలిచియుండు కట్టడములకు తప్ప ఇట్టి పద్ధతి దేనికి పనికివచ్చును?

తరువాతి వారు గాజుబిళ్లల కూర్పునే మార్చి ఈ లోపమును కొంత తగ్గించిరి. విమానమునుండి భూమి పటములు తీయుటకై సోవియట్ దేశమున రుసినోవ్, అదే మార్గమున జర్మనీకి చెందిన బెర్టెలె కృషి చేసిరి. బెర్టెలె రూపొందించిన 21 మి.మీ. బయోగాన్ 1954లో కాంటాక్స్ కెమెరాకు వెలువడెను. ఈ కటకములలో నడుమ ద్వారమునకు ముందువెనుకలు ఇంచుమించు ఒకే తీరున నుండును. అందువలన తిన్నని గీతలు చిత్రమునందును తిన్నగానే యుండును. అయితే వీని వెనుకటి గాజు ఫిల్మునకు మిక్కిలి దగ్గరగా చొచ్చుకొనిపోవును.

చిక్కు ఇచటనే కలదు. రిఫ్లెక్స్ కెమెరాలో కటకమునకును ఫిల్మునకును మధ్య ఒక అద్దము ఏటవాలుగా నుండును. చిత్రము తీయు క్షణమున అది పైకి లేవవలెను గనుక దానికి చోటు కావలయును. 1959లో వెలువడిన నికాన్ ఎఫ్ కెమెరాలో కటకమును బిగించు అంచునుండి ఫిల్మువరకు దూరము 46.5 మి.మీ. 20 మి.మీ. నాభ్యంతరముగల కటకము ఫిల్మునకు అంత దగ్గర నుండదలచినచో అద్దము దానిని తాకును. నికాన్ వారు మొదట 21 మి.మీ. కటకమునే చేసి, అద్దమును ముందుగా పైకెత్తి నిలిపిన పిమ్మటనే దానిని బిగింపవలెనని నియమించిరి. అద్దము పైకిపోగా కెమెరాలోనుండి చూచుటకు వీలులేదు. చూచుటకు వేరొక చిన్న సాధనమును కెమెరాపై తగిలించుకొనవలెను. అద్దమును ఎత్తి నిలుపు ఏర్పాటు లేని కెమెరా గలవాడు అట్టి కటకమును చవకగా దొరికినదని కొన్నచో ఆ సొమ్ము వృథా.

దీనికి పరిష్కారము బైనాక్యులర్లను తిరుగవేసి చూచినచో బోధపడును. దృశ్యము చిన్నదై, ఎక్కువ మేర కనబడును. ఆ రీతినే ముందు పెద్ద పుటాకార కటకమును, వెనుక కుంభాకార కటకముల గుంపును ఉంచినచో, నాభ్యంతరము చిన్నదైనను ఫిల్మునకు దూరముగా నిలువగల కటకము ఏర్పడును. ఫ్రాన్సు దేశీయుడగు ఆంజెన్యూ 1950లో రెట్రోఫోకస్ అను పేర 35 మి.మీ. కటకమును వెలువరించెను, ఆ పేరే ఈ జాతికంతకు నిలిచినది. నికాన్ వారి 20 మి.మీ. రెట్రోఫోకస్ కటకము 1960 దశాబ్ది ముగియులోపల వెలువడెను. పాత 21 మి.మీ. కటకమునందు 8 గాజుబిళ్లలుండగా దీనియందు 11 కలవు. వడపోత గాజు బిగించు కొలత 52 మి.మీ. నుండి 72 మి.మీ.కు పెరిగెను. బరువు పెరిగినను కంటితో చూచుచు తీయగల సౌకర్యము లభించినది. కావున రేంజ్‌ఫైండర్ కెమెరా గలవానికి మొదటి జాతియు, రిఫ్లెక్స్ కెమెరా గలవానికి రెండవ జాతియు తగును. రెట్రోఫోకస్ కటకములలో అంచున నున్న గీతలు కొంత వంగుట కలదు. గోడలు, స్తంభములు తీయువాడు దీనిని పరీక్షించి కొనవలెను.

ఇట్టి కటకమును చేతితో త్రిప్పి సరిచేయుట కష్టమని జంకనక్కరలేదు. అద్దములో చూచుచు స్పష్టతను నిర్ణయించుటయే కష్టము. ఏలన అన్నియు స్పష్టముగనే తోచును. కటకముపై చెక్కిన దూరపు అంకెలనే నమ్ముట మేలు. 20 మి.మీ. కటకపు ద్వారమును ఎఫ్ 11 వద్ద నుంచి, దూరమును 1.2 మీటర్లకు త్రిప్పినచో, 60 సెంటీమీటర్లనుండి దిగంతము వరకు సమస్తము స్పష్టముగ పడును. 50 మి.మీ. కటకముతో ఆ ద్వారమునందే స్పష్టత సుమారు 3.8 మీటర్లనుండి గాని మొదలు కాదు. కాబట్టి పెద్ద ద్వారముగల కటకమునకై అధిక ధనము వెచ్చించుట చాలమందికి అనవసరము.

పెండ్లి బృందమును 15 మి.మీ. కటకముతో తీసినచో అంచున నిలిచిన మేనత్తగారి ముఖము గుమ్మడికాయవలె సాగును. ఆమె అలుగుటలో తప్పు లేదు. కెమెరాను పైకెత్తిపట్టినచో నిలువు గీతలు పైన దగ్గరయి కట్టడము వెనుకకు ఒరిగినట్లు కనబడును. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురము 2010 మే 26న కూలిపోయెను. అట్టి కట్టడముల రూపమును అవి నిలిచియుండగనే సరిగా భద్రపరుపవలెనన్న ఒరిగిన చిత్రము పనికిరాదు. 30 మీటర్ల గోపురమును, నిలువుగా పట్టిన కెమెరాను వంచక తీయుటకు 50 మి.మీ. కటకముతో సుమారు 80 మీటర్లు, 20 మి.మీ. కటకముతో సుమారు 32 మీటర్లు దూరము కావలయును. ఇరుకు వీధిలో ఈ భేదమే పనిని సాధ్యము చేయును. చిత్రము దిగువ సగమున నేల మిగిలినచో అచ్చు తీయునపుడు కత్తిరింపవచ్చును.

నేడు ఇవి చాలవరకు ఒకరు వాడి విడిచినవే దొరకును. కొనుటకు ముందు ద్వారమును పూర్తిగా తెరచి, ఒకవైపునుండి టార్చిలైటు వేసి రెండవవైపునుండి చూడవలెను. తేమగల సముద్రతీర ప్రాంతములలో గాజుల నడుమ బూజు సాలెగూడువలె పాకియుండును; అది ముదిరినచో గాజుపై పూతను తినివేయును. ముందరి గాజుపై చిన్న గీత యున్నను అంత హాని లేదు. ద్వారపు రేకులకు నూనె అంటినదేమో, త్రిప్పు కట్టు ఒక్క తీరుగా కదలుచున్నదో లేదో కూడ చూచి, ఆ పిమ్మటనే వెల మాటలాడవలెను.