మూడుసార్లు తిరస్కరించినా.. చరిత్రను మార్చిన పిటిషన్!
ఓటు కోసం బ్రిటన్ కార్మికులు చేసిన చార్టిస్టు ఉద్యమాన్ని ఇలా చదివితే గుర్తుంటుంది

‘చార్టిస్టు ఉద్యమం దేనికి సంబంధించింది?’ అని అడిగితే ఆప్షన్లలోంచి ‘ఓటు హక్కు’ను మీరు టిక్ చేసేస్తారు. అదే ఇంటర్వ్యూ బోర్డులో ‘ఆ ఉద్యమం విఫలమైందా, విజయవంతమైందా?’ అని అడిగితే? చాలామంది తడబడేది ఇక్కడే. సివిల్స్ మెయిన్స్ జీఎస్-1లో 18వ శతాబ్దం నుంచి ప్రపంచ చరిత్ర సిలబస్‌లో ఉంది. దానికి సిద్ధమవుతున్నవారికే కాదు, ఓటరు కార్డు చేతికొచ్చిన ప్రతి విద్యార్థికీ ఈ కథ అవసరమే.

నమ్మించి చేయిచ్చిన సంస్కరణ

1832కు ముందు బ్రిటన్ పార్లమెంటు ఎలా ఉండేదో చూడండి. ఓల్డ్ సారమ్ అనే చోట దాదాపు జనమే లేరు. అయినా అక్కడి నుంచి ఇద్దరు ఎంపీలు! బట్టల మిల్లులతో కిటకిటలాడే మాంచెస్టర్‌కు మాత్రం ప్రత్యేకంగా ఒక్క ఎంపీ కూడా లేడు. దీనిపై మధ్యతరగతి, కార్మికులు కలిసి పోరాడారు. 1832లో సంస్కరణల చట్టం వచ్చింది. కానీ పట్టణాల్లో ఏడాదికి కనీసం 10 పౌండ్ల అద్దె విలువున్న ఇంట్లో ఉండే మగవారికే ప్రధానంగా ఓటిచ్చారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో వయోజన పురుషుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికే ఓటు దక్కింది. మధ్యతరగతి లోపలికి వెళ్లింది, కార్మికుడు గుమ్మం బయటే మిగిలాడు.

రెండేళ్లకే, 1834లో, కొత్త పేదల చట్టం వచ్చింది. సాయం కావాలంటే ‘వర్క్‌హౌస్’లో చేరాలన్నది దాని ఉద్దేశం. అక్కడ భార్యాభర్తలను, పిల్లలను విడివిడిగా ఉంచేవారు. తమ బతుకును నిర్ణయించే చట్టాలు తమ ప్రమేయం లేకుండానే తయారవుతున్నాయని కార్మికులకు స్పష్టమైంది. అన్నం సమస్యకు మూలం ఓటులో ఉందన్న ఆలోచన అలా బలపడింది.

ఆరు డిమాండ్లు.. ఒకే గొలుసు

విలియం లోవెట్ అనే యువకుడు తాళ్లు పేనే పని నేర్చుకుని, 1821లో ఉపాధి వెతుక్కుంటూ లండన్ వచ్చాడు. నేర్చిన పనితో బతుకు సాగక వడ్రంగంలోకి మారాడు. 1836లో తోటివారితో కలిసి లండన్ వర్కింగ్ మెన్స్ అసోసియేషన్ పెట్టాడు. ఆ సంఘం 1838 మేలో విడుదల చేసిందే ‘పీపుల్స్ చార్టర్’. ఉద్యమానికి ఆ పేరు దీన్నుంచే వచ్చింది.

ఇందులోని ఆరు డిమాండ్లను చాలామంది బట్టీ పడతారు. అవసరం లేదు. ఒక్కో డిమాండ్ ముందున్న దానిలోని లొసుగును ఎలా మూసేస్తుందో చూడండి.

1. 21 ఏళ్లు నిండిన ప్రతి పురుషుడికీ ఓటు. సరే, ఓటిచ్చారు. కానీ అప్పట్లో ఎవరికి వేస్తున్నారో అందరి ముందూ చెప్పాలి. యజమానికి నచ్చని పేరు చెబితే పని పోతుంది, ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుంది.
2. అందుకే రహస్య ఓటింగ్. సరే, నిర్భయంగా ఓటేశారు. కానీ ఎవరికి? పట్టణ స్థానం నుంచి పోటీ చేయాలంటేనే ఏడాదికి 300 పౌండ్ల విలువైన ఆస్తి చూపాలి.
3. అందుకే ఎంపీలకు ఆస్తి అర్హత రద్దు. సరే, నేత కార్మికుడు గెలిచాడు. మగ్గం వదిలి లండన్‌లో కూర్చుంటే ఇల్లెలా గడవాలి?
4. అందుకే ఎంపీలకు జీతం. ఇంత చేసినా, కొన్ని వందల ఓట్లున్న ఊరికీ, వేల ఓట్లున్న నగరానికీ సమాన బలముంటే?
5. అందుకే జనాభాను బట్టి సమాన నియోజకవర్గాలు. ఇక గెలిచినవాడు మాట తప్పితే? నాటి పార్లమెంటు గరిష్ఠ కాలం ఏడేళ్లు.
6. అందుకే ఏటా ఎన్నికలు. ఏడేళ్లకోసారి ఓట్లు కొనగలిగే డబ్బున్నవాడు, ప్రతి ఏడాదీ కొనలేడన్నది వారి లెక్క.

ఇలా చదివితే ఒక్క పాయింటూ మర్చిపోరు. అయితే ఒక లోటు గమనించండి: స్త్రీల ఓటు ఇందులో లేదు. మహిళలు సొంతంగా చార్టిస్టు సంఘాలు పెట్టారు, సంతకాలు చేశారు. అయినా చార్టర్‌లో వారికి చోటు దక్కలేదు. ‘విమర్శనాత్మకంగా పరిశీలించండి’ అన్న ప్రశ్నకు రాయాల్సిన పాయింట్ ఇదే.

మూడు పిటిషన్లు, మూడు తిరస్కారాలు

ఓటు లేనివారి చేతిలో మిగిలిన ఆయుధం సంతకం. ఫియర్గస్ ఓకానర్ నడిపిన ‘నార్తర్న్ స్టార్’ పత్రిక ఊరూరికీ సందేశం మోసుకెళ్లింది. పత్రిక కొనలేనివారు, చదవలేనివారు గుంపుగా కూర్చుంటే ఒకరు బయటికి చదివి వినిపించేవారు.

1839లో దాదాపు 12.8 లక్షల సంతకాలతో తొలి పిటిషన్ వెళ్లింది. దాన్ని పరిశీలించడానికే కామన్స్ సభ ఒప్పుకోలేదు. అనుకూలం 46, వ్యతిరేకం 235. ఆ నవంబరులో వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో కార్మికులు తిరగబడ్డారు. సైనికుల కాల్పుల్లో 20 మందికి పైగా చనిపోయారు. నాయకుడు జాన్ ఫ్రాస్ట్‌కు మరణశిక్ష పడింది. తర్వాత దాన్ని ద్వీపాంతర శిక్షగా మార్చి నేటి టాస్మానియాకు పంపేశారు.

1842లో రెండోది. ఈసారి 33 లక్షలకు పైగా సంతకాలు. దేశంలో ఓటున్నవారి కంటే ఇదే పెద్ద సంఖ్య! మైళ్ల పొడవున్న ఆ కాగితాల చుట్టను పార్లమెంటు ద్వారంలోంచి తీసుకెళ్లలేక విడదీయాల్సి వచ్చింది. ఫలితం: అనుకూలం 49, వ్యతిరేకం 287. సభలో దీన్ని గట్టిగా వ్యతిరేకించిన వారిలో ఒకరు మీకు బాగా తెలిసిన వ్యక్తే. 1835లో భారత విద్యపై మినిట్ రాసిన మెకాలే! ఆస్తి లేనివారి చేతికి ఓటిస్తే ఆస్తికే భద్రత ఉండదని, నాగరికతే నిలవదని ఆయన వాదన.

1848 ఏప్రిల్ 10న మూడోది. లండన్‌లోని కెన్నింగ్టన్ కామన్‌లో భారీ సభ జరిగింది. 57 లక్షల సంతకాలున్నాయని ఓకానర్ ప్రకటించాడు. గుమాస్తాలు లెక్కిస్తే 20 లక్షలకు కాస్త తక్కువే తేలాయి. పైగా విక్టోరియా రాణి పేరుతో కూడా దొంగ సంతకం! ఇంకేముంది, సభంతా నవ్వులు. లక్షలాది నిజమైన సంతకాలు ఆ నవ్వుల్లో కొట్టుకుపోయాయి. రెజ్యూమెలో ఒక్క అబద్ధం రాస్తే మిగతా నిజాలన్నీ అనుమానాస్పదమవుతాయి కదా, అచ్చం అలాగే.

మరి గెలిచిందెవరు?

1848 తర్వాత ఉద్యమం చల్లబడింది. డిమాండ్లు మాత్రం చావలేదు. ఈ తేదీలు నోట్ చేసుకోండి.

- 1858: ఎంపీలకు ఆస్తి అర్హత రద్దు
- 1867, 1884: కార్మికుల్లో పెద్ద భాగానికి ఓటు
- 1872: రహస్య ఓటింగ్
- 1885: నియోజకవర్గాల పునర్విభజన, సమానత్వం దిశగా పెద్ద అడుగు
- 1911: ఎంపీలకు ఏడాదికి 400 పౌండ్ల జీతం
- 1918: 21 ఏళ్లు నిండిన పురుషులందరికీ ఓటు, 30 దాటిన మహిళల్లో కొందరికి ఓటు
- 1928: మహిళలకూ పురుషులతో సమానంగా ఓటు

ఆరింటిలో ఐదు చట్టాలయ్యాయి. ఏటా ఎన్నికలు ఒక్కటే రాలేదు. ఓకానర్ 1855లోనే కన్నుమూశాడు, ఒక్కటీ చూడలేదు. లోవెట్, ఫ్రాస్ట్ ఇద్దరూ 1877లో మరణించారు. రహస్య ఓటింగ్ వరకు చూడగలిగారు.

అందుకే ఆ ఇంటర్వ్యూ ప్రశ్నకు సమాధానం ఒక్క మాటలో చెప్పకండి. ‘తక్షణ లక్ష్యంలో విఫలమైంది, అజెండాను నిర్దేశించడంలో గెలిచింది’ అని మొదలుపెట్టి ఈ తేదీలతో బలపరచండి. వైఫల్యానికి కారణాలూ చేర్చండి: లోవెట్ నైతిక బలం దారికీ, ఓకానర్ అనుచరుల దూకుడుకూ పొసగకపోవడం, మధ్యతరగతి దూరం జరగడం, ప్రభుత్వ అణచివేత, 1848 తర్వాత మెరుగుపడిన ఆర్థిక పరిస్థితులు. అయితే జాగ్రత్త: తర్వాతి చట్టాలన్నీ చార్టిస్టుల వల్లే వచ్చాయని రాయకండి. పార్టీల మధ్య పోటీ, కార్మిక సంఘాల ఎదుగుదల, మొదటి ప్రపంచ యుద్ధం కూడా కారణాలే.

మీ చేతిలో ఉన్నది

మన రాజ్యాంగంలోని 326వ అధికరణం ఆస్తి, చదువు, లింగభేదం చూడకుండా వయోజనులందరికీ ఓటిచ్చింది. 1951-52 తొలి సార్వత్రిక ఎన్నికల్లోనే అది అమలైంది. అప్పుడు 21 ఏళ్లు. 61వ రాజ్యాంగ సవరణతో 1989 నుంచి 18కి తగ్గింది. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు 1వ తేదీలు అర్హత తేదీలు. 17 దాటినవారు ముందే ఫారం-6 నింపి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

నోటిఫికేషన్ రాగానే హాల్‌టికెట్‌లో పేరు, ఫొటో సరిగ్గా ఉన్నాయో లేదో పదిసార్లు చూసుకుంటారు. ఓటరు జాబితాలో మీ పేరుందో లేదో ఎప్పుడైనా చూసుకున్నారా? హాస్టల్ మారినప్పుడు, కోచింగ్ కోసం ఊరు వదిలినప్పుడు చిరునామా మార్చుకున్నారా? జాబితాలో పేరు కోసం 33 లక్షల మంది సంతకాలు పెట్టి భంగపడ్డారు. మీకు కావాల్సింది ఒక్క ఫారం, ఐదు నిమిషాలు. ఈ రోజే చూసుకోండి.