మందు సరిహద్దు దాటింది, కూడు దాటలేదు

ఒక దేశంలో పుట్టిన పాలసీ ఇంకో దేశానికి పోయేటప్పుడు మొత్తంగా పోదు. కొంత చేరుతుంది, కొంత దారిలో రాలిపోతుంది. రాలిపోయిందేమిటో చూస్తే అది ఎవరి అవసరమో తెలుస్తుంది. క్షయ చికిత్స కథ ఇట్లాంటిదే.

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం మిషనరీలు పెట్టింది. శానిటోరియం పద్ధతి యూరప్ నుంచి వచ్చింది: మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి. నెలల తరబడి పడుకోగలిగినవాళ్ళకే అది సాధ్యం. పుంగనూరు, కుప్పం పల్లెల మాల, మాదిగ కూలీల ఇళ్ళల్లో సంపాదించే మనిషి పడుకుంటే పొయ్యి వెలగదు.

1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. ఇంట్లో ఉండి మందులు మింగిన పేదలకూ, మెరుగైన తిండితో శానిటోరియంలో ఉన్నవాళ్ళకూ జబ్బు దాదాపు ఒకే తీరుగా నయమైందని 1959లో తేలింది. ఈ ఫలితం దేశదేశాలు తిరిగింది. పేదలకు మేలే జరిగింది. అయితే దాని వెంట ‘తిండి అంత ముఖ్యం కాదు’ అన్న మాట కూడా ప్రయాణం చేసింది.

రెండో ప్రయాణం ఇటువైపు జరిగింది. టాంజానియాలో కారెల్ స్టిబ్లో నడిపిన పద్ధతికి 1990లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘డాట్స్’ అని పేరు పెట్టింది. ప్రపంచ బ్యాంకు అప్పుతో 1997 నుంచి ఇక్కడ విస్తరించి, 2006కి దేశమంతా చేరింది. ఎదురుగా మింగించాలన్నది దాని నియమం. కుప్పంలో తెల్లారే రైలెక్కి బెంగుళూరు కూలికి పొయ్యే మనిషి మందు కోసం ఆగితే ఆ రోజు కూలి పోతుంది.

రెండు ప్రయాణాల్లోనూ లెక్కకు అందేవే సరిహద్దు దాటాయి: మాత్రలు, కళ్ళె పరీక్షలు, నయమైనవాళ్ళ శాతం. పోయిన కూలి, చాలని కూడు ఏ రిజిస్టరులోనూ లేవు. అవి భూమితో, కూలిరేటుతో, కులంతో ముడిపడ్డవి. ఆరోగ్యశాఖ ఒక్కటే తీర్చేవి కావు.

మద్రాసు అడిగింది రోగి నయమవుతాడా అని. ఆ జవాబును అన్ని ప్రశ్నలకూ వాడుకున్నారు. జార్ఖండ్‌లో రోగి ఇంటివాళ్ళకు తిండి ఇచ్చి చూస్తే కొత్తగా జబ్బుపడేవాళ్ళు దాదాపు 40 శాతం తగ్గారని 2023లో బయటపడింది. అప్పటికే 2018 నుంచి రోగికి పోషణ కింద నెలకు 500 రూపాయలు ఇస్తున్నారు. 2024 నవంబరులో దాన్ని 1000 చేశారు. ఇది ఒక మెట్టే. పోయిన కూలికి అది సమానం కాదు.

అందుకే ఏ కొత్త పథకం వచ్చినా మన వాడల్లో రెండు ప్రశ్నలు అడగాలి. ఇది ఎక్కడ, ఎవరి మీద పరీక్షించింది? ఇక్కడికి వచ్చేటప్పుడు దేన్ని వదిలేసి వచ్చింది?