పెరటి పొగాకు: ఆకు ఆరిన తీరు, రోగం చేరే చోటు

పొగాకు భారతదేశపు మొక్క కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు ఓడలెక్కి ఇక్కడికి వచ్చింది. అయినా తెలుగువారు దానికి పరాయి పేరు ఉంచలేదు. పొగనిచ్చే ఆకు కనుక పొగాకు అన్నారు. కొత్త మొక్కకు పాత పురాణాన్ని కూడా అతికించారు. గరుత్మంతుడు అమృతం తెస్తుంటే ఒక చుక్క నేలరాలి పొగచెట్టుగా మొలిచిందని చెప్పే చాటుపద్యాన్ని కన్యాశుల్కంలో గిరీశం నోట చాలామంది విన్నదే.

ఆ అమృతబిందువు కథ ఇప్పుడు మరో రూపంలో వినిపిస్తున్నది. సిగరెట్టులోని హాని అంతా కంపెనీలు కలిపే రసాయనాల వల్లనే వస్తుందనీ, పెరట్లో సొంతంగా పెంచి, ఆరబెట్టుకున్న ఆకు శుద్ధమైనదనీ ఒక నమ్మకం ప్రచారంలో ఉంది. అమెరికాలో సొంత వాడకానికి పెంచుకునే పొగాకుపై ఫెడరల్ పన్ను లేదు. విత్తనాలు తేలికగా దొరుకుతాయి. ఆస్ట్రేలియాలో మాత్రం లైసెన్సు లేకుండా పెంచడమే నేరం. చట్టం సంగతి అలా ఉంచి, ఈ నమ్మకంలో నిజమెంతో తేలాలంటే విత్తనం మొదలు నిప్పు దాకా ఆకు వెంట నడవాలి. ఆ దారిలో అన్నిటికన్నా కీలకమైన మలుపు ఆకును ఆరబెట్టడం, అంటే క్యూరింగ్.

నారు నుంచి తల తుంచే దాకా

పొగాకు వంగ, టమాటా, మిరప మొక్కల కుటుంబానికి చెందినది. విత్తనం ఎంత చిన్నదంటే ఒక్క గ్రాములో పదివేలకు పైగా ఉంటాయి. వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తుంది కాబట్టి మట్టి కప్పకుండా, ఇసుకలో కలిపి నారుమడి మీద పలుచగా చల్లుతారు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో నారు నాటడానికి అదనవుతుంది. నాటిన రెండు నెలలకు మొక్క మనిషి ఎత్తుకు చేరి, ఇరవై దాకా పెద్ద ఆకులు వేసి, మొగ్గ తొడుగుతుంది.

మొగ్గ కనబడగానే రైతు తల తుంచేస్తాడు. తుంచిన తరువాత ఆకుల పంగల్లోంచి పుట్టే పిలకలను కూడా తీసేస్తాడు. పువ్వుకూ గింజకూ పోవలసిన సారం ఆకులకు మళ్లి, ఆకు దళసరెక్కుతుందన్నది రైతు అనుభవం. ఇందులో శరీరశాస్త్రం మరొకటి ఉంది. నికొటిన్ తయారయ్యేది ఆకులో కాదు, వేరులో. 1940లలో జరిగిన అంటు ప్రయోగాలు దీన్ని తేల్చాయి. టమాటా వేరు మీద అంటుకట్టిన పొగాకు కొమ్మ ఆకుల్లో నికొటిన్ దాదాపు లేదు. పొగాకు వేరు మీద అంటుకట్టిన టమాటా ఆకుల్లో నికొటిన్ కనబడింది. పురుగు కొరికినా, మనిషి తల తుంచినా మొక్కకు అది గాయమే. గాయపడిన సంకేతం వేరుకు చేరుతుంది; వేరు మరింత నికొటిన్ చేసి పైకి పంపుతుంది. పురుగులను చంపడానికి మొక్క సిద్ధం చేసుకున్న ఆయుధం అది. ఎరువూ మందూ వేయని పెరటి మొక్క కూడా ఈ విషాన్ని తనంతట తానే చేసుకుంటుంది.

రెలుపు రోజులు

వర్జీనియా రకాల్లో ఆకులన్నీ ఒకేసారి పక్వానికి రావు. అడుగు ఆకులు ముందుగా పసుపు తిరుగుతాయి. వాటిని రెండేసి, మూడేసి చొప్పున వారం వారం కింది నుంచి పైకి తీసుకుంటూ పోతారు. కోస్తా రైతులు దీన్ని రెలుపు అంటారు. చుట్టకు వాడే నాటు రకాలను చాలాచోట్ల మొక్క మొక్కగానే కోస్తారు.

ఒక్క చుట్ట కూడా కాల్చని మనిషిని సైతం పొగాకు ఈ దశలోనే దెబ్బతీయగలదు. నికొటిన్ నీటిలోనూ కొవ్వులోనూ కరుగుతుంది. మంచుకో వానకో తడిసిన ఆకును చంకన పెట్టుకుని మోసే కూలి చర్మం గుండా అది ఒంట్లోకి ఇంకుతుంది. కొన్ని గంటల్లో తలనొప్పి, తల తిరగడం, వాంతులు, నీరసం మొదలవుతాయి. పచ్చి పొగాకు జబ్బు అనే దీన్ని 1970లో ఫ్లోరిడా కూలీలలో వర్ణించారు. తరువాత భారతదేశపు పొగాకు చేలల్లోనూ గమనించారు. ఎండదెబ్బ అనుకుని పొరబడడానికి ఆస్కారం ఉన్న జబ్బు ఇది. చాలామంది ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటారు. తడి ఆకు జోలికి పోకపోవడం, నీరు దిగని చేతితొడుగులు వాడడం, పని కాగానే సబ్బుతో కడుక్కోవడం దీనికి నివారణ. పెరట్లో నాలుగు మొక్కలున్న ఇంట్లో పిల్లల విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరం.

రెండు రకాల ఆరబెట్టడం

కోసిన ఆకులో ఎనభై శాతానికి పైగా నీరే. దాన్ని గబగబా ఎండబెడితే పచ్చగానే ఎండి, గడ్డివాసన వేస్తుంది. క్యూరింగ్ అంటే ఉత్త ఎండబెట్టడం అనుకోకూడదు. కోసిన ఆకు కొంతకాలం బతికి ఉండి, తనలోని నిల్వలను తానే మార్చుకునేలా చూడడం అది. ఎంతకాలం బతకనిస్తారన్నదాన్ని బట్టి ఆకు స్వభావం మారిపోతుంది.

మొదటిది బ్యారన్ పద్ధతి. 1920ల నుంచి గుంటూరు ప్రాంతంలో వర్జీనియా పొగాకుతో పాటు పాతుకున్న పద్ధతి ఇది. ఆకులను కర్రలకు అల్లి, ఎత్తయిన గదిలో వరుసలుగా వేలాడదీస్తారు. పొయ్యి బయట ఉంటుంది. పొగ గొట్టాల గుండా పోతుంది, వేడి మాత్రమే గదిలో పరుచుకుంటుంది. మొదట సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వద్ద, తేమ పోనివ్వకుండా, ఒకటి రెండు రోజులు ఉంచుతారు. ఆకుపచ్చ పోయి పసుపు వస్తుంది. పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ వెంటనే వేడి పెంచి, గాలి వదిలి, రంగు గోధుమకు తిరగకముందే ఆకును ఆరబెడతారు. చివరకు 70 డిగ్రీల దాకా పోయి ఈనెలు ఎండగొడతారు. అయిదారు రోజుల్లో పని ముగుస్తుంది. చక్కెర పుట్టిన ఘడియలోనే ఆకు చనిపోయింది కాబట్టి ఆ చక్కెర ఆకులోనే మిగిలిపోతుంది.

రెండవది గాలికి ఆరబెట్టే పద్ధతి. నీడ పట్టున పందిట్లోనో కొట్టంలోనో వేలాడదీసిన ఆకు నాలుగు నుంచి ఎనిమిది వారాలు నెమ్మదిగా ఆరుతుంది. అన్నాళ్లూ శ్వాసిస్తూ తన చక్కెరను తానే ఖర్చు చేసుకుంటుంది. మాంసకృత్తులు విడిపోతాయి, రంగు గోధుమకు తిరుగుతుంది. తరువాత పదునుకు తెచ్చి, అంటే విరగకుండా వంగేంత తేమ పట్టించి, మండె వేస్తే లోపల వేడి పుట్టి ఆకు మాగుతుంది. పెరటి సాగుదారులకు బ్యారన్ ఉండదు కనుక ఎక్కువమంది అనుసరించేది ఈ పద్ధతినే.

నోరా, ఊపిరితిత్తులా?

ఈ చక్కెర ఉండడం, లేకపోవడం రుచికి మాత్రమే సంబంధించినది కాదు. చక్కెర ఉన్న బ్యారన్ ఆకు పొగ కొంచెం ఆమ్లగుణంతో ఉంటుంది. ఆ పొగలో నికొటిన్ లవణరూపంలో ఉండి, నోటి పొరల గుండా బాగా ఇంకదు. కావలసినంత నికొటిన్ అందాలంటే పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చవలసిందే. పొగ మెత్తగా ఉంటుంది కనుక పీల్చడమూ సులువే. సిగరెట్టు ఈ గుణం మీదనే నిలబడింది. గాలికి ఆరి, మాగిన చుట్ట ఆకు పొగ క్షారగుణంతో ఉంటుంది. అందులోని నికొటిన్ నోట్లోనే ఇంకిపోతుంది; ఘాటు వల్ల లోపలికి పీల్చడం కష్టం. సిగరెట్టు తాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు, పీల్చకుండా చుట్ట కాల్చేవారిలో నోటి క్యాన్సరు ముందుకు రావడానికి ఒక ముఖ్య కారణం ఈ తేడా. పొగ ఎక్కడ ఎక్కువసేపు నిలుస్తుందో చాలావరకు క్యూరింగే నిర్ణయించింది.

దీనికి తెలుగునేల మీదనే ఉదాహరణలున్నాయి. గోదావరి లంకల పొగాకుతో చుట్టిన చుట్టలు ఒకప్పుడు ఇంగ్లండు దాకా పోయాయి. వైద్యుడైన కోనన్ డాయిల్ 1890లో రాసిన నవలలో షెర్లాక్ హోమ్స్ బూడిదను చూసి గుర్తుపట్టగల చుట్టల్లో లంక చుట్ట ఒకటి. ఉత్తరాంధ్ర గ్రామాల్లో, ముఖ్యంగా స్త్రీలు, చుట్ట కాలే కొసను నోటి లోపల ఉంచుకుని అడ్డపొగ తాగుతారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం అడ్డపొగకూ అంగిటి మీది పుండ్లకూ, మార్పులకూ ఉన్న సంబంధాన్ని చూపింది. వేరే చోట్ల అరుదైన అంగిటి క్యాన్సరు అక్కడి వైద్యులకు పరిచితమైనది. ఆ చుట్టల్లో చాలావాటిని ఇంట్లోనే చుట్టుకునేవారు. వాటిలో కంపెనీ రసాయనాలేవీ లేవు.

శుద్ధమైన ఆకులో పుట్టే విషం

పచ్చి ఆకులో దాదాపు కనబడనివి, ఆరిన ఆకులో కనబడేవి కొన్ని ఉన్నాయి. పొగాకుకే ప్రత్యేకమైన నైట్రోసమైన్లు వాటిలో ముఖ్యమైనవి. నేలనుంచి మొక్క పీల్చుకున్న నైట్రేటును, ఆకు నెమ్మదిగా ఆరే వారాల్లో, దానిమీది బ్యాక్టీరియా నైట్రైటుగా మారుస్తుంది. ఆ నైట్రైటు నికొటిన్‌తోనూ దాని బంధువులతోనూ కలిసి నైట్రోసమైన్లవుతుంది. వాటిలో రెండింటిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సరు కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. నత్రజని ఎరువు ఎక్కువైనా, ఆరబెట్టే చోట తేమ ఎక్కువైనా ఇవి పెరుగుతాయి. ఇంటి గరాజులోనో అటకమీదో ఆకు వేలాడదీసేవారికి తేమ మీద అదుపు తక్కువ. బూజు కూడా అక్కడే పడుతుంది.

బ్యారన్‌కూ ఈ చిక్కు తప్పలేదు. అమెరికాలో గ్యాసు మంట సెగను నేరుగా ఆకుల మధ్యకు వదిలిన కాలంలో, ఆ సెగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు ఆకులో నైట్రోసమైన్లను పెంచాయి. 2000 ప్రాంతంలో మంటను వేరుచేసి వేడిని మాత్రమే పంపే ఏర్పాటు చేశాక అవి బాగా తగ్గాయి. అయినా తగ్గినది ఒక్క భాగమే. నిప్పు అంటించాక పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడ్ ఏ ఆకు కాలినా పుట్టేవే.

పెరటికి మరో రెండు హెచ్చరికలు. పొగాకు కషాయం సహజమైన పురుగుమందని ఇంటి కూరగాయల మీద చల్లేవారున్నారు. నికొటిన్ పురుగులకే కాక పిల్లలకూ పెంపుడు జంతువులకూ విషం. చల్లిన చేతుల చర్మం గుండా కూడా ఇంకుతుంది. ఇక పొగాకు మొజాయిక్ వైరస్ ఆరిన ఆకులోనూ బతికే ఉండి, చేతుల ద్వారా టమాటా, మిరప మొక్కలకు అంటుకుంటుంది.

కంపెనీలు కలిపే పదార్థాలు నిరపాయకరమైనవని దీని అర్థం కాదు. అవి లేనంత మాత్రాన మిగిలినది అమృతం కాదని మాత్రమే. నికొటిన్‌ను వేరు చేస్తుంది, నైట్రోసమైన్లను పందిరి చేస్తుంది, తారును నిప్పు చేస్తుంది. ఈ మూడూ కంపెనీ గడప తొక్కకుండానే జరుగుతాయి. మొక్క మీద మక్కువతో పెంచేవారు దాని లేత గులాబీ పూలు చూసి ఆనందించవచ్చు. ఆకును పందిరెక్కించేవారు మాత్రం మానడానికి సాయం చేసే వైద్యుణ్ణి ఒకసారి కలవడం మంచిది. అప్పుడు ‘సిగరెట్లు కాల్చను’ అని ఊరుకోకుండా, ఇంటి ఆకు సంగతి కూడా చెప్పాలి. అది చెబితే ఆ వైద్యుడు నోరు తెరిపించి అంగిలినీ చూస్తాడు.