వయసు మీఱిన రైతు మిగులు ధనము నెచ్చట నుంచవలెను?



దీపముండగానే యిల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలమాట. రెక్కలలో సత్తువ యున్నంతకాలము ఒక యేటి నష్టమును మఱుసటి యేటి పంట తీర్చును. అఱువది దాటినవానికి అట్టి యాధారము లేదు. కావున నాతడు మిగులు ధనమును విత్తనపుగింజవలె కాపాడుకొనవలయును.

విశాఖపట్టణమున ఉక్కు కర్మాగారమునకు 1971 జనవరి 20వ తేదీన శంకుస్థాపన జరిగెను. పిమ్మట గాజువాక పరిసరముల పొలములు క్రమముగా ఇండ్లస్థలములయ్యెను. పొలము పోయినచోట సొమ్ము చేతికి వచ్చును. సొమ్మున్నచోటికి ఏజెంటు వచ్చును. "ఐదేండ్లలో రెండింతలు" అని యాతడు చెప్పును. అట్లగుటకు నూటికి ఏటికి ఇంచుమించు 15 రూపాయల చక్రవడ్డీ రావలయును. ఏజెంటు కమీషనును, యజమాని లాభమును దీనికి పైమాట. ఏటేట తప్పక ఇంత యిచ్చు సేద్యమును మనలో నెవరైన చూచితిమా?

ఇది క్రొత్త కథ కాదు. 1906 అక్టోబరులో చెన్నపట్టణమున పేరుమోసిన అర్బత్నాటు కంపెనీ మూతపడగా, జీవితకాలపు కూడబెట్టు ననేకులు పోగొట్టుకొనిరి. మన కాలమున అగ్రిగోల్డు భూములు చూపి లక్షలమంది సొమ్ము గ్రహించి, 2015 నాటికి చెల్లింపలేకపోయెను. పేరును, భవనమును పూచీ కానేరవు.

కావున సొమ్మిచ్చుటకు ముందు మూడు ప్రశ్న లడుగవలెను. అసలునకు పూచీ యెవరు? వడ్డీ యెప్పుడు చేతికి వచ్చును? అక్కఱనాడు సొమ్ము తిరిగి వచ్చునా?

తపాలా కచేరీలో వృద్ధుల పొదుపు పథకము 2004లో నేర్పడెను. అఱువదియేండ్లు నిండినవారు ఐదేండ్లకు సొమ్ము కట్టవచ్చును. 2023 ఏప్రిలు నుండి గరిష్ఠము 30 లక్షలు. పూచీ ప్రభుత్వముది. మూడు నెలల కొకసారి వడ్డీ ముట్టును. 2024లో వడ్డీ నూటికి 8.2, అనగా లక్షకు మూడు నెలలకు 2,050 రూపాయలు. నడుమ మూసినచో కొంత తఱుగు పోవును.

బ్యాంకు డిపాజిట్లకు 1962 నుండి భీమా గలదు. 1968 చట్టముచే సహకార బ్యాంకులకును అది విస్తరించెను. 2020 ఫిబ్రవరి నుండి ఒక బ్యాంకులో ఒకనికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వఱకే రక్షణ. అంతకు మించిన సొమ్మును రెండు బ్యాంకులలో నుంచుట మేలు.

ఇక మన సంగతి. గ్రామ సహకార పరపతి సంఘము బ్యాంకు కాదు. దాని డిపాజిట్లకు ఈ భీమా వర్తింపదు. సంఘపత్రికలో ఈ మాట వ్రాయుట కొందఱికి రుచింపకపోవచ్చును. కాని సభ్యునకు నిజము చెప్పని సంఘము సహకారమను పేరునకు తగదు. సంఘమున పొదుపు చేయుడు; ఏటేట లెక్కలు, ఆడిటు నివేదిక అడిగి చూడుడు; ముసలితనపు సొమ్మంతయు మాత్ర మొక్కచోటనే యుంచకుడు.

ఒక యేటి గ్రాసమునకు, వైద్యమునకు చాలినంత సొమ్మును ఎప్పుడైన తీసికొను ఖాతాలో నుంచుడు. మిగిలినదానిని పూచీ గలచోట నిలుపుడు. కొడుకు వ్యాపారమున కిచ్చినచో, తిరిగి రాకున్నను బ్రతుకు సాగునంతయే యిండు. ప్రతి ఖాతాకును నామినీ పేరు వ్రాయించి, కాగితములున్న చోటు ఇల్లాలికి తెలుపుడు.

అసలుకంటె వడ్డీ ముద్దందురు. మనుమల విషయమున నది నిజమే. ముసలితనపు సొమ్ము విషయమున మాత్రము అసలే ముద్దు.