యాభై నాలుగేళ్ళ పరుగు పందెం

26 మైళ్ళ 385 గజాలు! మారథాన్ పరుగు పందెం దూరం ఇది. మైళ్ళ సంగతి సరే, ఆ చిల్లర గజాలు ఎక్కడివి? బజారులో బెల్లం కొన్నప్పుడు షావుకారు వేసే కొసరులాగా ఎవరైనా వేశారా? ఒక విధంగా అది కొసరే. వేయించినది ఇంగ్లండు రాజకుటుంబం. ఆ కొసరే ఇటలీ దేశపు మిఠాయి పనివాడొకడికి చేతికందిన ముద్దను నోటికందకుండా చేసింది.

ఆ కథకు ముందు పేరు గురించి రెండు మాటలు. మాబోటి తెలుగు పంతుళ్ళకు ఒక మాట కనబడితే దాని పుట్టుపూర్వోత్తరాలు విచారించనిదే నిద్రపట్టదు. మారథాన్ అనేది నిజానికి పరుగు పేరు కాదు, గ్రీసు దేశంలో ఒక ఊరి పేరు. గ్రీకులో ఆ మాటకు సోంపు మొక్క అని అర్థం. సోంపు విరివిగా పెరిగే చోటు కాబట్టి ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. క్రీ.పూ. 490లో అక్కడ ఏథెన్సు వారు పారశీకులను ఓడించారు. ఆ జయవార్త మోసుకుని ఒక భటుడు ఏథెన్సు దాకా ఏకబిగిని పరుగెత్తి, ‘గెలిచాం’ అని చెప్పి అక్కడికక్కడే ప్రాణం విడిచాడని మనం చదువుకున్నాం.

అయితే ఆ యుద్ధం తరువాత కొద్ది దశాబ్దాలకే దాని చరిత్ర రాసిన హెరొడొటస్ ఈ పరుగు ఊసే ఎత్తలేదు. యుద్ధానికి ముందు సాయం అడగడానికి ఒక వార్తాహరుడు ఏథెన్సు నుంచి స్పార్టాకు పరుగెత్తి మరునాటికే చేరుకున్నాడని మాత్రం రాశాడు. అది సుమారు 150 మైళ్ళు. ప్రాణం విడిచిన కథ చెప్పినవారు అయిదారు వందల ఏళ్ళ తరువాతి వారు. ఏమైతేనేం, లోకానికి నచ్చింది ఆ కథే. 1896లో ఏథెన్సులో ఒలింపిక్ క్రీడలను పునరుద్ధరించినప్పుడు ఈ కథ పేరిట ఒక పందెం పెట్టాలని సూచించినవాడు మిషెల్ బ్రెయాల్ అనే ఫ్రెంచి భాషాశాస్త్రవేత్త. చూశారా, ఇదీ భాష పంతుళ్ళు తెచ్చిపెట్టిన తంటాయే!

ఆ మొదటి పందెంలో సుమారు 40 కిలోమీటర్లు పరుగెత్తి గెలిచినవాడు స్పిరిడాన్ లూయిస్ అనే నీళ్ళు మోసే గ్రీకు యువకుడు. మూడవవాడుగా వచ్చిన మరో గ్రీకు, దారిలో కొంత దూరం బండి ఎక్కాడని బయటపడింది. అతనిని తొలగించి నాలుగవవానికి ఆ స్థానం ఇచ్చారు. అంటే మారథాన్ వయస్సూ, మారథాన్‌లో మోసం వయస్సూ ఒకటే నన్నమాట.

1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ పట్టణంలో జరిగినది పందెమో ప్రహసనమో చెప్పడం కష్టం. ఆగస్టు మాసం, మండిపోయే ఎండ, ముందు వెళ్ళే మోటారు కార్లు లేపే దుమ్ము. ఒంట్లో నీరు తగ్గితే మనిషి ఏమవుతాడో చూడాలని నిర్వాహకునికి కుతూహలం కలిగింది. అందుచేత దారి పొడుగునా ఒకటి రెండు చోట్ల తప్ప మంచినీళ్ళు ఉంచలేదు. బయలుదేరిన 32 మందిలో గమ్యం చేరినవారు 14 మందే. అందరికంటె ముందు వచ్చిన ఫ్రెడ్ లార్జ్‌ను జనం జేజేలతో ముంచెత్తారు. తీరా చూస్తే ఆయన కండరాలు పట్టేసి పరుగు ఆపి, పదకొండు మైళ్ళు కారులో వచ్చి, కారు చెడిపోతే దిగి మిగిలిన దూరం పరుగెత్తాడు. తమాషాకు చేశానన్నాడు. (మరుసటి ఏడు బోస్టన్ మారథాన్‌లో ఈయనే నిజంగా గెలిచాడు సుమండీ!) అసలు విజేత థామస్ హిక్స్‌కు దారిలో శక్తి కోసమని కోడిగ్రుడ్ల సొన, బ్రాందీ, ముష్టిగింజల నుంచి తీసే స్ట్రిక్నైన్ విషమూ ఇచ్చారు. ఆ రోజుల్లో అది నిషిద్ధం కాదు. బంగారు పతకమైతే వచ్చింది గాని, పాపం, చావు తప్పి కన్ను లొట్టపోయినంత పనయింది. క్యూబా దేశపు తపాలా బంట్రోతు ఫెలిక్స్ కార్వహాల్ దారిలో ఒక తోటలో దూరి ఆపిలు పళ్ళు తిని, కడుపునొప్పితో కాసేపు పడుకుని, మళ్ళీ లేచి పరుగెత్తి నాలుగవవాడుగా వచ్చాడు!

ఇక 385 గజాల కథ. 1908లో క్రీడలు లండనులో జరిగాయి. పందెం విండ్సర్ రాజభవనం నుంచి మొదలై క్రీడాప్రాంగణంలో రాజకుటుంబం కూర్చునే మంటపం ఎదుట ముగియాలని ఏర్పాటు చేశారు. ప్రాంగణం దాకా 26 మైళ్ళు. లోపల మంటపం దాకా మరో 385 గజాలు.

జూలై 24వ తేదీన ఆ ప్రాంగణంలోకి అందరికంటె ముందు అడుగుపెట్టినవాడు ఇటలీలోని కార్పీ పట్టణానికి చెందిన డొరాండో పియెత్రి. మనిషి చిన్నవాడు, వృత్తి మిఠాయిల తయారీ. ద్వారం దగ్గరే పందెం ముగిసి ఉంటే విజయం అతనిదే. కాని అప్పటికే అతనికి ఒంటిమీద తెలివి లేదు. వెళ్ళవలసిన దిక్కు విడిచి ఎదురు దిక్కుకు తిరిగాడు. పనివారు కేకలు వేసి తిప్పారు. పడిపోయాడు. లేపారు. నాలుగడుగులు వేసి మళ్ళీ పడ్డాడు. వేలాది జనం లేచి నిలబడి చూస్తుండగా అలా అయిదుసార్లు పడ్డాడు. ఆ కాస్త దూరానికి సుమారు పది నిమిషాలు పట్టింది. ఇంతలో అమెరికా పరుగువీరుడు జానీ హేస్ ప్రాంగణంలోకి వచ్చాడు. అధికారులు ఆగలేక డొరాండో రెక్క పట్టుకుని గీత దాటించారు. హేస్ 32 సెకండ్లు వెనుక వచ్చాడు.

అమెరికా వారు అభ్యంతరం చెప్పారు. పరుల సాయంతో గీత దాటినవాడు విజేత ఎలా అవుతాడు? ధర్మం వారి వైపే ఉంది. డొరాండోను పందెం నుంచి తొలగించారు. అతడు సాయం అడగలేదు. అడిగే స్థితిలోనే లేడు. పడిపోయినవానిని చూస్తూ ఊరుకోలేని మనుషుల జాలే అతని పతకాన్ని పోగొట్టింది. అక్కడ నేనున్నా చెయ్యి అందించకుండా ఉండగలిగేవాణ్ణి కాదని మాత్రం చెప్పగలను.

మరునాడు అలెగ్జాండ్రా రాణి డొరాండోకు బంగారు పూత పోసిన వెండి కప్పు బహూకరించింది. ఆ పందెం చూసి పత్రికకు రాసినవాడు షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త సర్ ఆర్థర్ కానన్ డాయిల్. డొరాండోను రెక్కపట్టి గీత దాటించినది ఈయనేనని ఇప్పటికీ కొందరు రాస్తుంటారు. అది నిజం కాదు, ఆయన ప్రేక్షకులలో కూర్చున్నాడు. చేసినదేమిటంటే అతని సహాయార్థం చందా ప్రారంభించడం. అది 300 పౌండ్లు దాటింది. అదే ఏడు నవంబరులో న్యూయార్కులో పందెగాండ్రుగా డొరాండో, హేస్ మళ్ళీ తలపడ్డారు. ఈసారి డొరాండో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గెలిచాడు. 385 గజాల కొసరు మాత్రం నిలిచిపోయింది. 1921లో అదే మారథాన్‌కు అధికారిక దూరమైంది.

నాలుగేళ్ళ తరువాత, 1912లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో ఇంకో ముచ్చట. జపాను మొట్టమొదటిసారి ఒలింపిక్ క్రీడలకు మనుషులను పంపింది. ఎందరిని? ఇద్దరిని! అందులో ఒకడు టోకియో ఉపాధ్యాయ విద్యాలయంలో చదివే షిజో కనకురి. తోటి విద్యార్థులు చందాలు వేసుకుని ఖర్చులు సమకూర్చారు. ఓడలోనూ, సైబీరియా రైలులోనూ పద్ధెనిమిది రోజుల ప్రయాణం. దిగాక చూస్తే శిక్షకునికి జబ్బు, రాత్రిళ్ళు కూడా వెలుతురు, కంటికి నిద్ర లేదు. జపాను వారు వాడే గుడ్డజోళ్ళు తొడుక్కుని పందెంలో దిగాడు.

జూలై 14న చలిదేశంలో మన ఎండాకాలం వంటి ఎండ కాసింది. దిగిన 68 మందిలో ఇంచుమించు సగంమంది మధ్యలోనే మానివేశారు. పోర్చుగల్ దేశపు వడ్రంగి ఫ్రాన్సిస్కో లాజరో, ఎండ తగలకుండా ఒంటికి మైనమో కొవ్వో దట్టంగా పూసుకున్నాడు. చెమట పట్టే దారి మూసుకుపోయింది. 30వ కిలోమీటరు దగ్గర కూలిపోయి మరునాడు ఆసుపత్రిలో చనిపోయాడు. గ్రీకు భటుని చావు కట్టుకథే కావచ్చు, లాజరో చావు కట్టుకథ కాదు. నేడు ప్రతి మారథాన్ దారిలోనూ కొద్ది కొద్ది దూరాలకు మంచినీళ్ళ బల్లలు ఉంటాయి. సెయింట్ లూయిస్, స్టాక్‌హోం అనుభవాలు చదివినవారికి ఆ బల్లల విలువ తెలుస్తుంది.

కనకురి సుమారు 27వ కిలోమీటరు దాకా వచ్చి సొమ్మసిల్లాడు. పక్కనే తోటలో ఉన్న ఒక కుటుంబం వారు చేరదీసి పండ్లరసం ఇచ్చి సేదతీర్చారు. కాస్త తేరుకున్నాక, ఇందరు చందాలిచ్చి పంపితే ఇలా అయిందే అన్న సిగ్గుతో కాబోలు, అధికారులకు చెప్పకుండానే రైలెక్కి వెళ్ళిపోయాడు. పందెం పుస్తకంలో అతను బయలుదేరినట్టు ఉంది. చేరినట్టూ లేదు, మానినట్టూ లేదు.

స్వీడన్ వారు యాభై ఏళ్ళు అతనికోసం వెతికారని ఒక కథ షికారు చేస్తూంటుంది. నమ్మవద్దు. కనకురి ఎక్కడికీ పారిపోలేదు. 1916 క్రీడలకు సిద్ధమయ్యాడు గాని, ప్రపంచయుద్ధం వల్ల ఆ క్రీడలే జరగలేదు. మంచి వయస్సు అలా గడిచిపోయింది. 1920లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో పరుగెత్తి 16వ వాడుగా వచ్చాడు. ఆ పందెంలోనే 19వ వాడుగా వచ్చిన వ్యక్తి ఎవరో తెలుసా? మన పొరుగున బెల్గాం ప్రాంతపు ఫడెప్ప దరెప్ప చౌగులే! అదే ఏడు కనకురి ప్రభృతుల చొరవతో జపానులో టోకియో నుంచి హకోనె కొండలదాకా కళాశాల విద్యార్థుల జట్టు పరుగు మొదలయింది.

1967లో స్టాక్‌హోం క్రీడల 55వ వార్షికోత్సవానికి స్వీడన్ ఒలింపిక్ సంఘం కనకురిని పిలిచింది. అప్పటికి ఆయనకు 75 ఏళ్ళు. మార్చి 20న ఆ పాత ప్రాంగణంలోనే, పొడుగాటి కోటుతోనే, నెమ్మదిగా పరుగెత్తి గీత దగ్గర కట్టిన దారం తెంచాడు. మైకులో ఆయన పట్టించుకున్న కాలం ప్రకటించారు: 54 ఏళ్ళ 8 నెలల 6 రోజుల 5 గంటల 32 నిమిషాల 20 సెకండ్ల చిల్లర. ఇంతకంటె నిదానంగా మారథాన్ పూర్తిచేసినవాడు నేటికీ లేడు.

ఎలా ఉందండీ అని అడిగితే, చాలా దూరం ప్రయాణమని, దారిలో పెళ్ళి చేసుకుని ఆరుగురు పిల్లలను, పదిమంది మనవలను సంపాదించానని జవాబు చెప్పాడట. 1983లో 92 ఏళ్ళ వయస్సులో ఆయన కన్నుమూశాడు. హకోనె పరుగు ఇప్పటికీ ఏటా జనవరి 2, 3 తేదీలలో జరుగుతోంది. అందులో మేటి పరుగువీరునికి ఇచ్చే కప్పుకు కనకురి పేరే పెట్టారు.