పెట్టుబడి దక్కనంత మాత్రాన ఓడినట్టేనా?

టెలివిజన్ వ్యాపార పోటీల్లో వినిపించే ‘కాదు’ అన్న మాటకు అసలు అర్థమేమిటి? భిలాయి ఉక్కు నగరం నేపథ్యంలో ఒక పరిశీలన

సోనీ టెలివిజన్‌లో 2021 డిసెంబరు 20న ‘షార్క్ ట్యాంక్ ఇండియా’ ప్రారంభమైన తరువాత వాటా, వాల్యుయేషన్, రాయల్టీ వంటి మాటలు వాణిజ్య పత్రికల పుటలు దాటి ఇంటింటి సంభాషణల్లోకి వచ్చాయి. యువ వ్యాపారులు తమ సరుకును పెట్టుబడిదారుల ముందుంచి డబ్బు అడుగుతారు. డబ్బు దక్కినవారి కథ కరచాలనాలతో, ఆలింగనాలతో ముగుస్తుంది. దక్కనివారు కెమెరా ముందు ఒకటి రెండు మాటలు చెప్పి వెళ్లిపోతారు. ఆ తరువాత వారు ఆ ఓటమిని ఏ విధంగా అర్థం చేసుకున్నారన్నది ప్రేక్షకులకు సాధారణంగా తెలియదు. వ్యాపారం నేర్చుకోవాలనుకునేవారికి ఉపయోగపడే పాఠం మాత్రం ఎక్కువగా అక్కడే ఉంది.

భిలాయికి ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యం?

భిలాయిలో ఉక్కు కర్మాగారం నిర్మించేందుకు భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఆ కర్మాగారంలో పనికోసం దేశం నలుమూలల నుంచి జనం తరలివచ్చారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు కూడా సెక్టర్లలో, పరిసర బస్తీలలో స్థిరపడ్డాయి. ఉద్యోగంతోపాటు క్వార్టరు, పిల్లలకు బడి, జబ్బు చేస్తే ఆసుపత్రి లభించాయి. ‘ప్లాంటులో ఉద్యోగం’ అన్న రెండు మాటలే పెళ్లి సంబంధాల్లో పెద్ద అర్హతగా చెల్లుబాటయ్యాయి.

రెండో తరం నాటికి ఆ భద్రతకు పోటీ పరీక్షలు తోడయ్యాయి. ఐఐటీ ప్రవేశ పరీక్షల్లో విజేతలను అందించిన పట్టణంగా భిలాయికి పేరు వచ్చింది. 2016లో ఐఐటీ ఆ ఊరి పేరుతోనే ఏర్పాటైంది. పరీక్షలకు అలవాటుపడిన ఊళ్లో ఫలితమంటే ఉత్తీర్ణత లేదా వైఫల్యం, మధ్యస్థితి లేదు. మరోవైపు, కర్మాగారంలో శాశ్వత ఉద్యోగుల సంఖ్య మునుపటితో పోలిస్తే బాగా తగ్గింది. కాబట్టి మూడో తరంలో సొంత వ్యాపారం వైపు చూసేవారు ఉండటం సహజమే.

ఇటువంటి కుటుంబాల్లో తొలి పెట్టుబడి తరచుగా తండ్రి ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీల నుంచే రావలసి ఉంటుంది. ఆ డబ్బుతో మొదలైన వ్యాపారాన్ని జాతీయ టెలివిజన్‌లో ఎవరైనా ‘కాదు’ అంటే, ఆ మాట వ్యాపారి ఒక్కరికే తగలదు. బంధువులు, ఇరుగుపొరుగు, పాత సహోద్యోగులు అందరూ వింటారు. వ్యాపారం కొనసాగించాలా, మూసివేయాలా అన్న నిర్ణయం ఆ అవమానభారంతో తీసుకునే ప్రమాదం ఉంది. అందువల్ల ఆ ‘కాదు’ దేని మీద చెప్పిన తీర్పో తెలుసుకోవడం అవసరం.

పోటీలు రెండు రకాలు

టెలివిజన్ వ్యాపార పోటీల్లో ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. మొదటిది ‘ది అప్రెంటిస్’ పద్ధతి. అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్ దీనిని 2004లో ప్రారంభించింది. అభ్యర్థులు జట్లుగా విడిపోయి వారానికో పని చేస్తారు. ఓడిన జట్టు నుంచి ఒకరిని యజమాని స్థానంలో ఉన్న వ్యక్తి తొలగిస్తారు. ఇక్కడ తీర్పు మనిషి మీద.

రెండవది పెట్టుబడి పద్ధతి. జపాన్‌లో 2001లో మొదలైన ఒక కార్యక్రమం దీనికి మూలం. అది 2005లో బ్రిటన్‌లో ‘డ్రాగన్స్ డెన్’గా, 2009లో అమెరికాలో ‘షార్క్ ట్యాంక్’గా రూపుదాల్చి, తరువాత భారతదేశానికి వచ్చింది. తెలుగులో 2023లో ఆహా వేదిక, తెలంగాణ ప్రభుత్వ సంస్థ వీ హబ్ కలిసి మహిళా వ్యాపారుల కోసం ‘నేను సూపర్ ఉమన్’ను తీసుకువచ్చాయి. ఇక్కడ తీర్పు ఒక బేరం మీద. ఈ తేడాను గుర్తించకపోవడం వల్లనే చాలామంది బేరం కుదరకపోవడాన్ని తమ మీద తీర్పుగా భావిస్తారు.

బేరంలోని లెక్క

ఉదాహరణకు, భిలాయిలో ఒక యువతి అరిసెలు, జంతికలు, చేగోడీలు తయారుచేసి అమ్ముతోందనుకుందాం. ఏడాది అమ్మకాలు 60 లక్షల రూపాయలు. ఖర్చులు పోగా లాభం 6 లక్షలు. ఆమె 5 శాతం వాటా ఇచ్చి 50 లక్షలు కోరింది. 5 శాతం విలువ 50 లక్షలైతే మొత్తం వ్యాపారం విలువ 10 కోట్లు. ఇప్పటి లాభం ఇదే స్థాయిలో ఉంటే 10 కోట్లు కూడటానికి 166 ఏళ్లకు పైగా పడుతుంది. వ్యాపారం వేగంగా పెరుగుతుందన్న నమ్మకం ఉంటే తప్ప ఎవరూ ఆ ధర ఒప్పుకోరు.

పెట్టుబడిదారు అదే 50 లక్షలకు 25 శాతం అడిగారనుకుందాం. అప్పుడు వ్యాపారం విలువ 2 కోట్లు, అంటే 33 ఏళ్ల లాభం. ఆమె ఒప్పుకోలేదు, బేరం చెడింది. తెరమీద ఇది ఓటమిగానే కనిపిస్తుంది. నిజానికి జంతికలను ఎవరూ కాదనలేదు. ధర దగ్గర ఇద్దరికీ పొత్తు కుదరలేదు, అంతే.

కార్యక్రమం కూర్పును కూడా గుర్తుంచుకోవాలి. తరచుగా గంట, అంతకుమించి సాగే సంభాషణ ప్రసారమయ్యేసరికి కొద్ది నిమిషాలకు కుదించబడుతుంది. ఉత్కంఠ కలిగించే మాటలు మిగులుతాయి. ఓపికగా సాగిన వివరణలు పోతాయి. తెరమీద కుదిరిన ఒప్పందం కూడా తుది ఒప్పందం కాదు. ఆ తరువాత ఖాతాలు, పన్నులు, హక్కుల పత్రాల తనిఖీ జరుగుతుంది. దానినే డ్యూ డిలిజెన్స్ అంటారు. ఆ దశలో ఆగిపోయే ఒప్పందాలూ ఉంటాయి. అంటే తెరమీది గెలుపు పూర్తి గెలుపు కాదు, ఓటమి పూర్తి ఓటమి కాదు.

ఓడినవారు ఏమయ్యారు?

మనిషి మీద తీర్పు చెప్పే పోటీలో ఓడిన తెలుగు పేరు ఒకటి అమెరికాలో ఉంది. సూర్య యలమంచిలి 2007లో ప్రసారమైన ‘ది అప్రెంటిస్’ ఆరవ సీజన్‌లో పాల్గొన్నారు. అంతకుముందు ఆయన ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థలో మార్కెటింగ్ విభాగంలో పనిచేశారు. లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఆ సీజన్‌లో గెలిచిన జట్టుకు భవనంలో బస. ఓడిన జట్టుకు అదే ఆవరణలో గుడారాలు. ఓటమిని అందరికీ కనిపించే దృశ్యంగా మార్చిన ఏర్పాటు అది. సూర్య తుది దశకు చేరకముందే వైదొలగవలసి వచ్చింది. మూడేళ్ల తరువాత, 2010లో, ఒహాయో రాష్ట్రంలోని రెండవ నియోజకవర్గం నుంచి ప్రతినిధుల సభకు పోటీచేసేందుకు డెమోక్రటిక్ పార్టీ ప్రాథమిక ఎన్నికలో గెలిచారు. నవంబరులో జరిగిన ప్రధాన ఎన్నికలో రిపబ్లికన్ అభ్యర్థి జీన్ ష్మిట్ చేతిలో ఓడిపోయారు. టెలివిజన్‌లో అందరి ఎదుటా ఓడిన వ్యక్తి మళ్లీ ప్రజల ఎదుట నిలబడి తీర్పు కోరడం ఇందులో గమనించవలసిన విషయం.

బ్రిటన్‌లో సూసీ మా కథ మరో రకం. ఆమె 2011లో అక్కడి ‘ది అప్రెంటిస్’ తుది ఘట్టం వరకు వచ్చి ఓడిపోయారు. బహుమతిగా ప్రకటించిన పెట్టుబడి వేరొకరికి వెళ్లింది. అయినా కార్యక్రమ న్యాయనిర్ణేత అలన్ షుగర్ ఆ తరువాత ఆమె చర్మ సౌందర్య ఉత్పత్తుల సంస్థ ట్రాపిక్‌లో భాగస్వామి అయ్యారు. 2023లో ఆమె ఆయన వాటాను తిరిగి కొనుగోలు చేశారు. పోటీలో ‘కాదు’ అన్న వ్యక్తే, పోటీ ముగిశాక అదే వ్యాపారానికి ‘అవును’ అన్నారు.

పెట్టుబడి పోటీల్లో తరచుగా ప్రస్తావనకు వచ్చే పేరు జేమీ సిమినాఫ్. వీధి తలుపు వద్ద ఎవరున్నారో ఫోనులో చూపించే గంటను రూపొందించి, 2013లో అమెరికా ‘షార్క్ ట్యాంక్’ ముందుకు తెచ్చారు. 10 శాతం వాటాకు 7 లక్షల డాలర్లు అడిగారు. ఒక్కరే ప్రతిపాదన చేశారు. ఆ షరతులు భారమని సిమినాఫ్ నిరాకరించారు. డబ్బు అత్యవసరమైన స్థితిలో ఖాళీ చేతులతో వెళ్తూ కన్నీళ్లు పెట్టుకున్నానని ఆయన తరువాత చెప్పుకున్నారు. కానీ ఆ ప్రసారం చూసినవారు గంటలు కొన్నారు. రింగ్‌గా పేరు మారిన ఆ సంస్థను అమెజాన్ 2018లో సుమారు 100 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. అదే ఏడాది సిమినాఫ్ అదే కార్యక్రమానికి అతిథి పెట్టుబడిదారుగా తిరిగి వచ్చారు.

ఈ కథలను ఒక హెచ్చరికతో చదవాలి. ఓడి గెలిచినవారు కనుకనే వీరి పేర్లు అందరికీ తెలుసు. ఓడిపోయి కనుమరుగైనవారి గురించి ఎవరూ రాయరు. పెట్టుబడిదారులు చెప్పిన ‘కాదు’ సరైనదే అయిన సందర్భాలు అనేకం ఉంటాయి. ప్రతి తిరస్కారం వెనుకా ఒక రింగ్ దాగి ఉందనుకోవడం, కిందపడ్డా పైచేయి నాదే అన్న సామెత వంటిది. అది ధైర్యం కాదు. తప్పును చూడటానికి నిరాకరించడం.

ఉక్కు పరీక్షలో తిరస్కారం

ఓటమిని చదువుకునే పద్ధతి భిలాయికి కొత్తది కాదు. భారతీయ రైల్వేకు పట్టాలు అందించే ఈ కర్మాగారంలో ఒక్కో విడత ఉక్కుకు ఒక్కో నంబరు ఉంటుంది. దానిని హీట్ నంబరు అంటారు. రసాయన మిశ్రమం సరిగా ఉందా, పట్టా లోపల పగులు ఉందా అన్నది పరీక్షించి చూస్తారు. పనికిరానిదాన్ని పక్కన పెట్టినప్పుడు ఎందుకు పక్కన పెట్టారో నమోదవుతుంది. ఒక పట్టా తిరస్కారానికి గురైతే కర్మాగారమే విఫలమైందని ఎవరూ అనరు. ఆ తునక తుక్కుగా తిరిగి కన్వర్టరులోకి వెళ్లి కొత్త ఉక్కులో కలుస్తుంది.

టీవీ పోటీలో ఎదురైన తిరస్కారానికి కూడా ఇటువంటి నమోదు ఉండాలి. కారణాలను స్థూలంగా నాలుగుగా విడదీయవచ్చు. మొదటిది సరుకు: పిండివంట రెండు వారాల్లో పాడైతే దూరప్రాంతాల్లో అమ్మడం కష్టం. రెండవది ధర: వ్యాపారానికి యజమాని కట్టిన విలువ అమ్మకాలకు మించి ఉండవచ్చు. మూడవది అవగాహన: లాభమెంత, కొత్త కొనుగోలుదారుని సంపాదించడానికి ఖర్చెంత అన్న ప్రశ్నలకు జవాబు తెలియకపోవచ్చు. నాలుగవది పెట్టుబడిదారు అభిరుచి: ఆయనకు ఆ రంగం తెలియకపోవచ్చు. మొదటి మూడూ వ్యాపారి సరిదిద్దుకోగలిగినవి. నాలుగవది ఎవరి తప్పూ కాదు. ఈ విభజన చేయకుండా ‘నేను ఓడిపోయాను’ అనుకోవడం, కారణం రాయకుండా పట్టాను పారేయడంతో సమానం.

కాలవ్యవధి మరొక అంశం. దేశంలోని సమగ్ర ఉక్కు కర్మాగారాల్లో ఉత్తమమైనదానికి ఇచ్చే ప్రధానమంత్రి ట్రోఫీని భిలాయి 11 సార్లు గెలుచుకుంది. ఆ పోటీలో కొలిచేది ఏడాది పొడవునా సాగిన పనితీరును. టెలివిజన్ కొలిచేది ఒక సాయంత్రాన్ని.

ఇతర ద్వారాలు

పెట్టుబడికి టెలివిజన్ వేదిక ఒక ద్వారం మాత్రమే. 2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ముద్ర పథకం కింద హామీ లేకుండా 10 లక్షల రూపాయల వరకు రుణం లభిస్తుంది. తరుణ్ విభాగంలో తీసుకున్న రుణాన్ని సక్రమంగా చెల్లించినవారికి ఆ పరిమితిని 2024లో 20 లక్షలకు పెంచారు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం కింద తయారీ యూనిట్లకు 50 లక్షలు, సేవారంగ యూనిట్లకు 20 లక్షల వరకు వ్యయమయ్యే ప్రాజెక్టులకు రాయితీతో కూడిన రుణం పొందవచ్చు. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకం 2021 నుంచి ఇంక్యుబేటర్ల ద్వారా తొలిదశ సంస్థలకు సాయం చేస్తోంది. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లో ‘36 ఇంక్’ పేరుతో ఇంక్యుబేటర్ ఉంది. ఈ ద్వారాల వద్ద కెమెరాలు ఉండవు. ‘కాదు’ అన్న మాట వినవలసి వచ్చినా దానిని పదిమంది వినరు. కారణం అడిగి తెలుసుకుని మళ్లీ వెళ్లవచ్చు.

వాటా ఇచ్చి తెచ్చుకున్న పెట్టుబడికి, అప్పుగా తెచ్చుకున్న డబ్బుకు తేడా మరవరాదు. వ్యాపారం పోతే మొదటిదానిలో నష్టాన్ని పెట్టుబడిదారు కూడా భరిస్తారు. రెండవది వాయిదాల రూపంలో తిరిగి చెల్లించవలసిందే. తండ్రి పదవీ విరమణ డబ్బు పెట్టినప్పుడు ఆ నష్టాన్ని భరించేది వృద్ధాప్యం. అందుచేత అటువంటి కుటుంబాల్లో వ్యాపారం మొదలుపెట్టే ముందే రెండు అంకెలు కాగితం మీద రాసుకోవడం మంచిది: ఎంత డబ్బు వరకు పెట్టగలం, ఎన్ని నెలలు ఎదురుచూడగలం. టీవీలో పెట్టుబడి దక్కినా, దక్కకపోయినా ఆ రెండు అంకెలు మారవు. వ్యాపారాన్ని కొనసాగించాలా, ఆపాలా అన్నది తేల్చవలసినవి కూడా అవే.