పని పోయినవారికి ఊరు ఏమిస్తుంది?

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో నూర్‌బాషా కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. దూది ఏకడం వారి వృత్తి. బి.సి.-బి జాబితాలోని ‘దూదేకుల’ అనే పేరు ఆ పని నుంచి వచ్చినదే. ఆ వృత్తి ఎలా దెబ్బతిన్నదో తెలుసుకుంటే, ఈనాడు ఉపాధి పోయినవారికి ఎలా సాయపడాలో మనకు తెలుస్తుంది.

పూర్వం నూర్‌బాషాలు దూది ఏకేవారు, ఇళ్లలో స్త్రీలు రాట్నంపై నూలు వడికేవారు, నేతగాళ్లు దాన్ని నేసేవారు. 19వ శతాబ్దంలో ఇంగ్లండు మిల్లుల నూలు చౌకగా దిగుమతి అయింది. నేతగాళ్లు ఆ నూలునే కొని నేశారు. మిల్లు బట్టల పోటీ ఉన్నా చీరాల వంటి చోట్ల మగ్గం నిలిచింది. రాట్నం మాత్రం ఆగిపోయింది. రాట్నం ఆగితే ఏకిన దూది కొనేదెవరు? దూదేకులవారికి పరుపులు, దిండ్ల పని మిగిలింది.

ఇలాంటప్పుడు మనిషిని నిలబెట్టేది చుట్టుపక్కల దొరికే మరో పని. 1855లో విజయవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారిన మన డెల్టాలో వరి నాట్లకు, కోతలకు, తరువాత రైసు మిల్లులకు మనుషులు కావలసివచ్చారు. వానమీద ఆధారపడిన మెట్ట ఊళ్లలో ఆ అవకాశం తక్కువ. అయితే డెల్టాలోనూ నష్టం పూర్తిగా పూడలేదు. పనితనం ఉన్నవాడికి కూలి దొరికింది గాని, ఆ పనితనానికి విలువ దొరకలేదు. ఇంటిపట్టున వడికే స్త్రీకి ఇంట్లోనే చేసుకునే పని పోయింది.

2001లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. చైనా సరుకుల పోటీకి అమెరికాలో దెబ్బతిన్న ప్రాంతాలను డేవిడ్ ఆటర్, డేవిడ్ డార్న్, గోర్డన్ హాన్సన్ పరిశీలించారు. పని పోయినవారిలో ఎక్కువమంది ఊరు వదల్లేదని, ఆ ఊళ్లు ఏళ్ల తరబడి కోలుకోలేదని వారు తేల్చారు. ఇల్లు, బంధువులు, అప్పులు ఉన్నచోటే మనిషి ఉంటాడు. అందుకే ఊరి సంగతి ముందు చూడాలి.

జకాత్ సొమ్ముతో కుట్టు మిషను ఇచ్చేముందు, ఆ వీధిలో ఇప్పటికే ఎన్ని మిషన్లున్నాయో, రెడీమేడ్ బట్టల ధరముందు కుట్టుకూలి నిలుస్తుందో విచారిద్దాం. తెనాలిలో వ్యాపారం, రేపల్లె వైపు నిజాంపట్నం రేవు, రొయ్యల చెరువులు, బాపట్లకు దగ్గరలో చీరాల మగ్గాలు ఉన్నాయి. మూడు చోట్లకూ ఒకే శిక్షణ సరిపోదు. ఈ మూడు ఊళ్లనూ తెనాలి జంక్షను కలుపుతోంది. కొందరికి మిషనుకంటే, పక్క ఊరి పనికి వెళ్లిరావడానికి ఆరు నెలల రైలు సీజను టిక్కెట్టే మేలైన సాయం కావచ్చు.